ముందు చక్రాల పికప్‌తో బరువు పనులు: పెరటి ప్రాజెక్టు డైరీ

మార్చి మొదటి వారం

ఇంటి వెనక ఏటవాలుగా ఉన్న నేలను మెట్లు మెట్లుగా చదును చేయాలి. వాటిలో కూరగాయల మళ్లు కట్టాలి, కింది మూలన పనిముట్ల షెడ్డుకు కాంక్రీటు దిమ్మె వేయాలి. ఈ వసంతానికి పెట్టుకున్న పని ఇది. మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ నగర శివార్లలో. ఈ ప్రాంతమంతా ఎర్ర బంకమట్టి నేల. ఎండితే పారకు లొంగదు, తడిస్తే కాలు నిలవదు.

సిమెంటు, కలప, కంపోస్టు, కంకర అన్నీ మోయాల్సింది మా ఫోర్డ్ మావెరిక్. 2023 మోడల్ హైబ్రిడ్, ముందు చక్రాల డ్రైవ్. 2.5 లీటర్ల ఇంజను, ఎలక్ట్రిక్ మోటారు కలిసి 191 హార్స్‌పవర్ ఇస్తాయి. కంపెనీ లెక్క ప్రకారం తొట్టిలో 1,500 పౌండ్లు మోస్తుంది, ట్రైలర్ తగిలిస్తే 2,000 పౌండ్లు లాగుతుంది. కిలోల్లో చెప్పుకుంటే సుమారు 680, 907. 2025 మోడల్ నుంచి హైబ్రిడ్‌కు కూడా నాలుగు చక్రాల డ్రైవ్ ఇస్తున్నారు. అది తీసుకుంటే 4,000 పౌండ్లు లాగే ప్యాకేజీ కూడా దొరుకుతుంది. 2023లో ఆ వీలు లేదు. హైబ్రిడ్ కావాలంటే ముందు చక్రాలే.

అమెరికాలో ఈ బండి గురించి ఎవరితో మాట్లాడినా ఒకటే మాట వినిపిస్తుంది: ముందు చక్రాలు లాగేది అసలు పికప్పే కాదని, వెనక బరువు పడితే ముక్కు తేలిపోతుందని. అందులో నిజం ఎంతో, అలవాటుగా అనేస్తున్నది ఎంతో కొలిచి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. పెరటి పని ఎలాగూ ఉంది కాబట్టి దారిలో కాటా వేయిస్తూ, టేపుతో కొలుస్తూ రాసుకుంటూ పోతాను. ఇలాంటి బండి కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట తలుపు తెరిచి పసుపు స్టిక్కర్ చదవండి. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో ఉంటుంది. ప్రకటనల్లో చెప్పే 1,500 ఆ మోడల్‌కు గరిష్ఠం. ఏ బండికి ఎంత అనేది దాని హంగులను బట్టి తగ్గుతుంది. నా బండి మీద ఉన్నది 1,440. నేను కూర్చుంటే 170 పోతుంది, పక్కన మా అబ్బాయి ఎక్కితే ఇంకో 150. ట్రైలర్ ముందుకొస హిచ్ మీద, అంటే దాన్ని తగిలించే కొక్కెం మీద మోపే బరువు కూడా ఇందులోంచే తీసివేయాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

మార్చి రెండో వారం

ఖాళీ బండిని కాటా వేయించాను. హైవే పక్కన లారీలు ఆగే చోట క్యాట్ స్కేల్ కాటాలుంటాయి. వాటి పళ్లేలు విడివిడిగా ఉండటం వల్ల ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు ఉందో వేరుగా తెలుస్తుంది. రీడింగు 20 పౌండ్ల మెట్లలో వస్తుంది. అంత ఖచ్చితత్వం ఈ పనికి చాలు.

నేనొక్కడినే కూర్చుని ఉండగా ముందు ఇరుసు మీద 2,240 పౌండ్లు, వెనక ఇరుసు మీద 1,600, మొత్తం 3,840. అంటే ఖాళీగా ఉన్నప్పుడు బండి బరువులో 58 శాతం, లాగే చక్రాల మీదే ఉంది. ఇంజను, మోటారు, గేర్‌బాక్సు అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఇదే బండికి వెనక చక్రాల డ్రైవ్ ఉందనుకుంటే లాగే చక్రాల మీద ఉండేది 42 శాతమే. ఖాళీ పికప్పులు వానలో, మంచులో తోక ఆడించడానికి కారణం ఇదే. శీతాకాలంలో తొట్టిలో ఇసుక మూటలు వేసుకు తిరిగే అలవాటు కూడా అందుకే పుట్టింది. రాలీలో మంచు అరుదు. కానీ జనవరిలో ఒక్కోసారి రోడ్డంతా గాజులా గడ్డకడుతుంది. అలాంటి ఉదయం ఖాళీ బండితో ఆఫీసుకు వెళ్లాల్సి వస్తే నేను ముందు చక్రాల బండినే ఎంచుకుంటాను.

పికప్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది సంవత్సరంలో ఎక్కువ రోజులు దాన్ని ఖాళీగానే తిప్పుతారు. నేనూ అంతే. ఆ రోజుల్లో ఈ బండి గ్యాలనుకు 37 మైళ్లు ఇస్తుందన్న ప్రభుత్వ రేటింగు, ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు లేకపోవడం, తొట్టి అంచు మీదుగా చెయ్యి వంచితే అడుగు అందే ఎత్తు, ఇవన్నీ కలిసొస్తాయి. ముందు చక్రాల డ్రైవ్ మొదటినుంచీ సామాను బళ్లకు నచ్చడానికి ఈ తక్కువ ఎత్తే కారణం. ఫ్రాన్సులో 1947లో వచ్చిన సిట్రోయెన్ హెచ్ వ్యానుకు నేల అంత కిందికి రావడం కింద షాఫ్టు లేనందువల్లే సాధ్యమైంది. అమెరికాలో 1970లలో జీఎంసీ తయారుచేసిన మోటార్‌హోమ్ కూడా ముందు చక్రాలదే. ఇప్పుడు వీధుల్లో పార్సిళ్లు పంచే రామ్ ప్రోమాస్టర్ వ్యాన్లు నిజానికి ఫియట్ డుకాటోలే, ముందు చక్రాలవే. పెద్ద ప్రోమాస్టర్లు 4,000 పౌండ్లకు పైగా మోస్తాయి. బ్రెజిల్‌లో 2021లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన వాహనం ఫియట్ స్ట్రాడా. అది ముందు చక్రాల చిన్న పికప్, దాదాపు 700 కిలోలు మోస్తుంది. అమెరికాలో కూడా 1980 ప్రాంతంలో ఫోక్స్‌వ్యాగన్ ర్యాబిట్ పికప్, డాడ్జ్ ర్యాంపేజ్ వచ్చి కొన్నేళ్లకే ఆగిపోయాయి. ఇక్కడివాళ్లకు ఈ రకం కొత్తగా అనిపించడానికి ఆ మధ్య పడిన విరామమే కారణం.

మార్చి చివర

షెడ్డు దిమ్మెకు కాంక్రీటు మిశ్రమం తెచ్చాను. 80 పౌండ్ల సంచులు 12, అంటే 960 పౌండ్లు.

ఎక్కించే ముందు తొట్టిలో టేపు పెట్టి చూశాను. తొట్టి పొడవు నాలుగున్నర అడుగులు. వెనక ఇరుసు దాని మధ్యలో లేదు, క్యాబిన్ వైపు జరిగి ఉంది. తొట్టిలో దాదాపు మూడింట రెండు వంతులు ఇరుసు వెనకే ఉంది. ఈ ఒక్క కొలత తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. ఇరుసుకు ముందు పెట్టిన బరువులో కొంత ముందు చక్రాలకు చేరుతుంది. ఇరుసుకు వెనక పెట్టింది తన బరువంతా వెనక చక్రాల మీద మోపడమే కాక, ముందు చక్రాల మీద ఉన్నదాన్ని కూడా కొంత ఎత్తేస్తుంది.

సంచులన్నీ క్యాబిన్ గోడకు ఆనించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, రాచెట్ బెల్టు బిగించి కాటా మీదికి తీసుకెళ్లాను. ముందు 2,280, వెనక 2,520. ముందు ఇరుసు బరువు తగ్గకపోగా 40 పెరిగింది. పక్కకు తీసి, నేనూ మా అబ్బాయీ ఆ సంచులన్నీ వెనక తలుపు దగ్గరికి జరిపి మళ్లీ కాటా వేయించాం. ముందు 2,040, వెనక 2,760. అదే సరుకు, అదే బండి. ముందు చక్రాల మీద 240 పౌండ్ల తేడా వచ్చింది. చేతిలో తేడా కూడా తెలిసింది. సంచులు వెనక ఉన్నప్పుడు స్టీరింగు తేలికై, కాటా నుంచి రోడ్డెక్కే చిన్న ఎత్తు దగ్గర ఒక చక్రం కంకర మీద గిర్రున తిరిగింది. ముందు ఉన్నప్పుడు అదే చోట ఏమీ జరగలేదు.

ముక్కు తేలిపోతుందన్న మాటకు ఆధారం ఇక్కడ దొరికింది. బరువు వేసినందుకు తేలలేదు, వెనక వేసినందుకు తేలింది. సరుకు దించుకోవడం తేలికని సంచులను తలుపు దగ్గరే వదిలేయడం అందరికీ ఉన్న అలవాటు. ఈ బండితో ఆ అలవాటు మానుకోవాలి.

కలప విషయంలో మాత్రం తొట్టి పొట్టిదని దిగులు పడనక్కర్లేదు. వెనక తలుపును సగం ఎత్తులో ఆపే ఏర్పాటు ఉంది. అలా ఆపితే తలుపు అంచు, చక్రాల గూళ్ల పైభాగం ఒకే మట్టానికి వస్తాయి. నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉన్న ప్లైవుడ్ పలకలు దాని మీద బల్లపరుపుగా కూర్చుంటాయి. గోడల్లో ఉన్న గాళ్లలో టూ-బై-ఫోర్ చెక్కను అడ్డంగా దూర్చితే కింద వేరే గది తయారవుతుంది. మళ్ల అంచులకు కావలసిన కలపంతా అలాగే తెచ్చాను.

ఏప్రిల్ మొదట్లో

మా మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆయన వ్యవసాయం చేసినంతకాలం ట్రాక్టరు నడిపిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూసి, "వెనక ఇరుసుకు షాఫ్టే లేదేం బాబూ? ముందు చక్రాలు లాగేదానికి బరువంతా వెనక వేస్తే ఎలా ఎక్కుతుంది?" అని అడిగారు.

"అదే కొలుస్తున్నాను మామయ్యగారూ," అని కాటా చీటీలు చూపించాను.

ఆయన చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. బురదలో ట్రాలీ దిగబడితే ట్రాక్టరు ముందు చక్రాలు ఎలా లేస్తాయో, ముందు అదనంగా ఇనుప దిమ్మలు ఎందుకు తగిలిస్తారో చెప్పారు. ట్రాక్టరుకు లాగే చక్రాలు వెనక ఉన్నాయి కాబట్టి ముందు లేచినా లాగుడు పోదు, దిశ పోతుంది. "నీ బండికి రెండూ ముందే ఉన్నాయి. ముందు తేలితే లాగుడూ పోతుంది, తిప్పడమూ పోతుంది," అన్నారు. నేను నాలుగు పేరాల్లో రాసిందాన్ని ఆయన రెండు వాక్యాల్లో తేల్చేశారు. మన దగ్గర టాటా ఏస్, బొలెరో పికప్ వంటి సరుకు బళ్లన్నీ వెనక చక్రాలవే కావడానికి కారణం కూడా అందులోనే ఉంది. అక్కడ బండి ఖాళీగా తిరగడం తక్కువ, నిండుగా తిరగడం ఎక్కువ. స్టిక్కరులో రాసినదానికి మించి ఎక్కించడమూ ఉంది. అలాంటి వాడకానికి లాగే చక్రాలు బరువు కిందే ఉండాలి. నా వాడకం దానికి తలకిందులు.

ఏప్రిల్ రెండో వారం

ట్రైలర్ తెచ్చాను. అయిదు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు, ఒకే ఇరుసు, ఇనుప జాలీ అడుగు. దాని సొంత బరువు దాదాపు 550 పౌండ్లు. అంటే 2,000 పరిమితిలో సరుకుకు మిగిలేది 1,450. చాలామంది 2,000 అంటే అంత సరుకు అనుకుంటారు. ట్రైలర్ కూడా ఆ లెక్కలోదే.

హిచ్ మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది ఇక్కడ అందరూ పాటించే నియమం. ఎడ్లబండి కట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వెనక బరువెక్కితే నొగలు లేచి ఎడ్ల మెడకు పలుపు బిగుస్తుంది, ముందు బరువెక్కితే కాడి మెడను నలిపేస్తుంది. ట్రైలర్ విషయంలో ముందు బరువు మరీ తగ్గితే జరిగేది ఇంకా ప్రమాదకరం. హైవే వేగంలో ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలుపెట్టి, లాగే బండిని కూడా తనతో ఊపేస్తుంది. ముందు చక్రాల బండి కదా అని భయపడి, ముక్కు తేలకుండా సరుకును ట్రైలర్ వెనక్కి తోసేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. ఆ నాలుగు పౌండ్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం అది.

నేలకు పరిచే పేవర్ రాళ్లు ఎక్కించి కాటా వేయించాను. తొట్టి ఖాళీ. ముందు ఇరుసు 2,160, వెనక ఇరుసు 1,880, ట్రైలర్ ఇరుసు 1,700. మొత్తం 5,740. ట్రైలర్ బరువు 1,900, అందులో హిచ్ మీద పడింది 200.

ముందు ఇరుసు కోల్పోయింది 80 పౌండ్లే. హిచ్ బంతి వెనక ఇరుసుకు దాదాపు 50 అంగుళాలు వెనక ఉంది. రెండు ఇరుసుల మధ్య దూరం 121 అంగుళాలు. 200ను 50తో గుణించి 121తో భాగిస్తే దాదాపు 83 వస్తుంది. కాటా, కాగితం లెక్క కలిశాయి. తలుపు దగ్గర వేసిన సిమెంటు సంచులు 200 పౌండ్లు ఎత్తేస్తే, పందొమ్మిది వందల పౌండ్ల ట్రైలర్ ఎత్తింది 80. భయపడాల్సింది ట్రైలరుకే అనుకుంటూ వచ్చిన నాకు ఈ అంకె కళ్లు తెరిపించింది.

అయితే ముందు ఇరుసు బరువు పెద్దగా తగ్గకపోయినంత మాత్రాన సరిపోదు. ఆ చక్రాలు ఇప్పుడు 3,840 కాకుండా 5,740 పౌండ్లను కదిలించాలి. లాగే చక్రాల మీద ఉన్న వాటా 58 శాతం నుంచి 38కి దిగింది. అసలు చూడాల్సిన అంకె ఈ వాటాయే. ఇదే కాటా చీటీతో వెనక చక్రాల బండి వాటా చూస్తే 33 శాతం వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు కొంత వెనక్కి జరుగుతుంది కాబట్టి అక్కడ రెండూ దాదాపు సమానమవుతాయి. అంటే తొట్టి ఖాళీగా ఉంచి చిన్న ట్రైలర్ లాగినంతవరకు వెనక చక్రాల పికప్పుకు చెప్పుకోదగ్గ పైచేయి లేదు. తొట్టి నిండినప్పుడు మాత్రం ఉంది. సిమెంటు సంచుల చీటీ ప్రకారం సరుకు క్యాబిన్‌కు ఆనితే ముందు 47, వెనక 53. తలుపు దగ్గరుంటే 42, 58.

రోడ్డు మీద ఈ వాటాతో ఎంత ఎత్తు ఎక్కవచ్చు? వాటాను నేల పట్టుతో (టైరు మీది బరువులో ఎంత వంతు లాగుడుగా మారగలదో చెప్పే అంకె) గుణిస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పొడి తారు రోడ్డు మీద పట్టు 0.7 అనుకుంటే 38 శాతం వాటాతో 26 శాతం వాలు ఎక్కవచ్చు. హైవేల మీద ఉండేవి 6, 7 శాతం. కాబట్టి తారు రోడ్డు మీద చక్రం జారడం గురించి బెంగ అక్కర్లేదు.

ఏప్రిల్ మూడో వారం, వానల తర్వాత

అసలు పరీక్ష పెరట్లో జరిగింది. వీధి వైపు నుంచి ఇంటి పక్కగా వెళ్లే గడ్డి వాలు 60 అడుగుల పొడవుకు 8 అడుగుల ఎత్తు. అంటే 13 శాతం. కింద దించిన సామానులో కొంత మళ్లీ పైకి తేవాలి.

తడి గడ్డి మీద పట్టు 0.3 వేసుకున్నాను. ఖాళీ బండికి 58 శాతం వాటా, అంటే 17 శాతం వాలు. ఎత్తు మీద బరువు వెనక్కి జరిగేది తీసేసినా 13 కంటే ఎక్కువే. బండి ఇబ్బంది లేకుండా ఎక్కింది. ట్రైలరుతో 38 శాతం వాటా, అంటే 11. వాలు 13. ఎక్కకూడదు, ఎక్కలేదు. సగం దూరం వెళ్లేసరికి ముందు చక్రాలు గడ్డిని చీల్చి ఎర్రమట్టిని పైకి తీశాయి. ఒక్కసారి బంకమట్టి టైరు గాళ్లలో నిండాక 0.3 కూడా ఉండదు. టైరు నున్నటి రాయిలా అయిపోతుంది. కాలు తీసి, మెల్లగా కిందికి వదిలి, ట్రైలర్ విప్పేశాను.

ఇక్కడ హైబ్రిడ్ గురించి ఒక మాట. కదిలే మొదటి క్షణంలోనే మోటారు తన బలమంతా ఇచ్చేస్తుంది. తారు మీద అది వరం. తడి గడ్డి మీద పాదం వెంట్రుకవాసి ఎక్కువైనా చక్రం తిరిగిపోతుంది. డ్రైవ్ మోడ్‌ను జారుడు నేలకు మార్చుకుంటే యాక్సిలరేటర్ స్పందన మెత్తబడుతుంది. నేను ఆ వాలు దగ్గర ఎప్పుడూ అదే పెట్టుకుంటున్నాను.

తర్వాత తొట్టిలో కంపోస్టు నింపి, ట్రైలర్ లేకుండా ప్రయత్నించాను. ముందుకు ఎక్కించినప్పుడు కష్టపడింది. బండి తిప్పి రివర్సులో ఎక్కించాను. తేడా అక్కడ చూడాలి. రివర్సులో వాలు ఎక్కేటప్పుడు ఇంజను ఉన్న ముక్కు వాలుకు కింది కొసన ఉంటుంది. వెనక్కి జరగాల్సిన బరువు ఇప్పుడు లాగే చక్రాల మీదికి వస్తుంది. లెక్క వేస్తే ముందుకు ఎక్కేటప్పుడు 44 శాతం ఉన్న వాటా రివర్సులో 50కి చేరుతుంది. ఒక్క గింజ మట్టి ఎగరకుండా బండి పైకి వచ్చింది. మామయ్యగారు పైన నిలబడి చేత్తో దారి చూపిస్తూ, "రా రా, ఇంకా రా, చక్రం నేలను పట్టుకునే ఉంది," అంటున్నారు.

దీనికీ ఒక హద్దుంది. ఈ రకం హైబ్రిడ్ గేర్‌బాక్సులో విడిగా రివర్స్ గేరు ఉండదు. వెనక్కి వెళ్లేటప్పుడు చక్రాలను తిప్పేది మోటారు ఒక్కటే, ఇంజను చేయి వేయలేదు. బ్యాటరీ 1.1 కిలోవాట్ అవరే. అరవై అడుగుల పెరటి దారికి సరిపోతుంది. కొండ మీది ఇంటికి పొడవాటి మట్టిదారి ఉన్నవాళ్లు బరువుతో రివర్సులో ఎక్కడం మీద ఆశ పెట్టుకోకూడదు. ట్రైలర్ తగిలించి రివర్సులో వాలు ఎక్కినా వాటా 40 దాటదు. అంటే తడిలో 12 శాతం. అదీ చాలదు, పైగా ట్రైలర్ మడత పడే ప్రమాదం.

మే మొదటి వారం

వాలుకు మందు కంకర. తడి గడ్డి మీద 0.3 ఉన్న పట్టు, దట్టించిన కంకర మీద 0.5 దాటుతుంది. అప్పుడు ట్రైలరుతో ఎత్తు ఎక్కేటప్పుడు వాటా 35 శాతానికి తగ్గినా 17 శాతం వాలు ఎక్కవచ్చు. నాలుగు చక్రాల బండి కొనడానికి పెట్టే డబ్బుతో పోలిస్తే చక్రాలు పోయే రెండు బాటలకు సరిపడా కంకర ఖర్చు ఎంతో తక్కువ.

ఆ కంకర తేవడంలో మాత్రం జాగ్రత్త. ఘనపు గజం కంకర సుమారు 2,700 పౌండ్లు. తొట్టిలో పట్టే చోటు 33 ఘనపుటడుగులు, అంటే ఒక ఘనపు గజానికి పైనే. చోటు ఉంది కదా అని నింపితే బండి మోయగలిగిన దానికి రెట్టింపు అవుతుంది. అరగజం కూడా 1,350. నా బరువు కలిపితే స్టిక్కరులోని 1,440 దాటిపోతుంది. సరుకు కొట్టులో లోడర్ నడిపే మనిషి ఒక్క తోపుతో అరగజమో గజమో పోసేస్తాడు. ముందే కిందికి దిగి, "అన్నా, పావు గజమే," అన్నట్టు ఇంగ్లీషులో చెప్పి, చేత్తో గీత చూపించి మరీ పోయించుకోవాలి. కంపోస్టు తేలిక కాబట్టి గజం దాకా తేవచ్చనుకుంటారు. పొడిగా ఉంటే సరే. వానలో నానిన కుప్పలోంచి తోడితే దాని బరువు చాలా పెరుగుతుంది. కాబట్టి వాన వెలిసిన రెండు మూడు రోజుల తర్వాతే వెళ్తున్నాను. బెరడు ముక్కల మల్చ్ మాత్రం నిశ్చింతగా నిండా పోయించుకోవచ్చు, వల కప్పుకుంటే చాలు.

బాటకు కావలసిన మొత్తం కంకర నా పికప్పుతో తేలేదు. కొట్టువాళ్ల టిప్పరుతో ఒకేసారి దింపించాను. ఏ పని బండిది, ఏ పని టిప్పరుది అని విడదీయడం కూడా ఈ లెక్కలో భాగమే. డెలివరీ ఖర్చు, టైర్లకూ సస్పెన్షనుకూ పడే శ్రమతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. వెనక సస్పెన్షన్ గురించి కూడా ఒక మాట. ముందు చక్రాల మావెరిక్‌కు వెనక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం) ఉంటుంది, నాలుగు చక్రాలదానికి మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడి సస్పెన్షన్). సిమెంటు సంచులతో వెనక భాగం రెండంగుళాలు దిగింది. దిగినా ఊగలేదు. రాత్రిపూట అలా వెళ్తే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. బరువు పనులు పగలే పెట్టుకోవడం మంచిది.

మే నెలాఖరు

మా అమ్మాయి చదువుకుంటున్న యాష్‌విల్‌కు మంచం, బీరువా, పుస్తకాలు ట్రైలరులో తీసుకెళ్లాం. మొత్తం 1,600 పౌండ్లు. ఐ-40 మీద ఓల్డ్ ఫోర్ట్ దాటాక కొండ ఎక్కాలి. మైళ్ల కొద్దీ 6 శాతం వాలు. లారీలు కుడి వరుసలో నత్తనడకన ఎక్కుతుంటాయి.

బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ మోడ్ పెట్టాను. కొండ మొదట్లో మోటారు, ఇంజను కలిసి లాగాయి. పైకి వెళ్లేకొద్దీ బ్యాటరీ ఖాళీ అయి భారమంతా 162 హార్స్‌పవర్ ఇంజను మీద పడింది. ఇంజను గట్టిగా రొద చేసింది, అది ఆపకుండా చేసింది. వేగం 55 మైళ్ల దగ్గర నిలిచింది. కుడి వరుసలోనే ఉన్నాను. చక్రాలు ఎక్కడా జారలేదు, స్టీరింగు తేలిపోలేదు. ఇంతకు ముందు వేసిన లెక్కే కొండ మీద రుజువైంది. హైవే మీద ఈ బండికి హద్దు పట్టుది కాదు, ఇంజను ఊపిరిది.

దిగేటప్పుడు గేరు నాబ్‌లో ఎల్ పెట్టుకోవాలి. మోటారే జనరేటరుగా మారి బండిని ఆపుతూ బ్యాటరీ నింపుతుంది. కానీ 1.1 కిలోవాట్ అవర్ బ్యాటరీ కొండ దిగువకు చేరకముందే నిండిపోతుంది. ఆ తర్వాత ఆ పట్టు ఇంజనును తిప్పడం ద్వారా వస్తుంది. బ్రేకు కాలు కింద అనుభూతి మారకపోయినా, ఇంజను మోత ఒక్కసారిగా పెరిగేసరికి పక్కనున్న మా ఆవిడ కంగారుపడింది. అది మామూలే. వేగం పెరగనివ్వకుండా ముందే తగ్గించుకుని దిగాం. మైలేజీ ట్రైలరుతో ఇరవైల్లోకి దిగింది, ఒంటరిగా వెళ్తే ఇదే దారిలో ముప్పైల్లో వస్తుంది.

ఒక స్నేహితుడు జోర్డాన్ లేక్‌లో తన చేపల పడవను దీనితో దింపవచ్చా అని అడిగాడు. పడవ, ట్రైలర్ కలిపి 1,500 పౌండ్లే. బరువు సమస్య కాదు. కానీ పడవలు దింపే ర్యాంపులు సాధారణంగా 12 నుంచి 15 శాతం వాలు. కాంక్రీటు పొడిగా ఉన్నచోట ఎక్కుతుంది. ట్రైలర్ నీటిలో, వెనక చక్రాలు నాచు అంచున ఉన్నా, ముందు చక్రాలు పైన పొడి కాంక్రీటు మీదే ఉంటాయి. అది ఈ బండికి అనుకూలం. వెనక చక్రాల పికప్పుకు లాగే చక్రాలే నాచులో ఉంటాయి. మట్టి ర్యాంపు అయితే రానని చెప్పాను.

జూన్ మొదట్లో, ప్రస్తుతానికి

పై మెట్టు మళ్లలో బీర, సొర, గోంగూర వేశాం. దిమ్మె ఆరింది. ముందు టైర్ల అరుగుదల వెనకవాటి కంటే ఎక్కువగా కనిపిస్తోంది. లాగడం, తిప్పడం, బ్రేకు భారంలో ఎక్కువ వాటా అన్నీ వాటి మీదే కదా. టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చే పని వాయిదా వేయకుండా చేయిస్తున్నాను.

నాలుగు చక్రాల బండికి మారాలా అని ఇంట్లో చర్చ జరిగింది. నెలకు రెండు మూడుసార్లు తొట్టి నింపి, ఎప్పుడైనా చిన్న ట్రైలర్ తగిలించి, మిగతా రోజులు ఆఫీసుకూ దుకాణాలకూ తిరిగే ఇంటికి ఈ బండి సరిపోతుందని నా అభిప్రాయం. తొట్టి నిండుగా ఉండగా ట్రైలర్ కూడా లాగాల్సినవాళ్లు, తడి మట్టి వాలు మీద రోజూ పని ఉన్నవాళ్లు, 2,000 పౌండ్లకు దగ్గరగా తరచూ లాగేవాళ్లు దీన్ని కొనవద్దు. వాళ్లకు నాలుగు చక్రాలదో, ఇంకా పెద్ద పికప్పో కావాలి. మా చర్చ అక్కడితో తెగింది. బండి ఉంటుంది.

మిగిలినవి రెండో మెట్టు రాళ్ల గోడ, షెడ్డు కలప. గోడ రాళ్లు నాలుగు టన్నులు, వాటిని టిప్పరుకు చెప్పాను. కలప నేనే తెస్తాను: పొడవాటి దూలాలు ట్రైలరులో, ఇనుప సామాను డబ్బాలు తొట్టిలో క్యాబిన్‌కు ఆనించి. దూలాలు ఎక్కించాక హిచ్ దగ్గర బరువు తూచుకోవడానికి చిన్న స్ప్రింగు కాటా ఒకటి ఆర్డరిచ్చాను, శనివారానికి వస్తుంది.